గాడిద వెన్ను

మా రాజుపాలేనికి రైలు లేదు. హైదరాబాదు బస్సులు ఊరి మీదుగానే దూసుకుపోయేవి గానీ రైలెక్కాలంటే రెడ్డిగూడెం పోవాల్సిందే. గుంటూరు–మాచర్ల బండి అక్కడ ఆగేది. అప్పట్లో అది మీటరు గేజి, మేము చిన్న రైలనేవాళ్లం. పట్టాల మధ్య ఎడం మీటరే. ఒక పట్టా మీది నుంచి రెండో దాని మీదికి ఎగిరి దూకితే మొనగాడు.

తాతను గుంటూరు బండెక్కించడానికి వెళ్లినప్పుడల్లా బండి ఆలస్యమే. ఆలస్యమైతే మాకు పండగ. చేతులు చాపి ఒంటి పట్టా మీద నడిచే పందెం పెట్టుకునేవాళ్లం. ఎండకు కాలిన ఇనుము అరికాళ్లకు చురుక్కుమనేది. చెక్క స్లీపర్ల నుంచి నూనె వాసన. నేను ఎన్నడూ ఏడడుగులు దాటలేదు. ఓసారి కంకర మీద బోర్లా పడి మోకాలు చెక్కుకుపోతే, తాత తిట్టకుండా పైపంచె చించి కట్టాడు. తిట్లు ఇంటికెళ్లాక నాయనమ్మ దగ్గర పడ్డాయి, ఇద్దరికీ.

అందుకే ఊళ్లో సెలూన్‌లో అద్దం పక్కన అంటించిన ఆ క్యాలెండరు కాగితం నన్ను పట్టుకుంది. మేడల మధ్యగా ఒక్కటే కాంక్రీటు దూలం, దాని మీద రైలు. అడుగున ఇంగ్లీషులో టోక్యో అన్న మాట ఒక్కటే కూడబలుక్కోగలిగాను.

"తాతా, ఒక్క పట్టా మీద ఎట్లా పోద్ది? పడదా?"

సగం గీసిన గడ్డంతోనే తాత ఆ బొమ్మకేసి చూశాడు. "రేవుకు బట్టలు మోసే గాడిదను చూడలేదంట్రా? వెన్ను ఒక్కటే. మూటలు రెండు పక్కలా సమంగా దిగుతాయి. పడుద్దా?"

"గాడిదకు నాలుగు కాళ్లున్నాయిగా!"

"ఈ దూలానికి లేవూ?" అని బొమ్మలో స్తంభాలు చూపించాడు. కత్తి పట్టుకున్నాయన నవ్వాపుకోలేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తాత టోక్యో చూళ్లేదు. నేను చూశాను, మా అమ్మాయి ఉద్యోగం పుణ్యమా అని. మనవాళ్లు బాగా ఉండే నిషికసాయ్‌లో కాపురం. హనేదా విమానాశ్రయం నుంచి హమమత్సుచో దాకా మోనోరైల్లోనే తీసుకెళ్లమన్నాను. 1964లో ఒలింపిక్స్ కోసమని సెప్టెంబరు 17న మొదలుపెట్టిన లైను అది. రబ్బరు టైర్లు దూలం మీద దొర్లుతాయి. పక్క చక్రాలు దూలాన్ని రెండు వైపులా అదిమి పట్టుకుంటాయి. పెట్టె కింది భాగం అటూ ఇటూ మూటల్లా దిగి ఉంటుంది.

దీనికి ఒక్కటే చిక్కు. దారి మారాలంటే మామూలు రైలుకు పట్టా కొస జరిపితే చాలు, దీనికి దూలమే కదలాలి. ఈ మోనోరైలు మోజు ముంబైకీ తగిలింది, 2014లో. హైదరాబాదు 2017లో మెట్రో ఎక్కింది. స్తంభాలు చూసి మా ఊరివాళ్లు కొందరు దాన్నీ మోనోరైలే అంటారు గానీ, పైన రెండు పట్టాలున్నాయి, మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు. మా చిన్న రైలు కన్నా వెడల్పు, ఇప్పుడు రెడ్డిగూడెంలో ఉన్న 1,676 పెద్ద గేజి కన్నా ఇరుకు. ఊరంతా తిరగడానికి నా ఓటు మెట్రోకే. సముద్రం పక్కన వంపులు తిరుగుతూ పోవడానికి మాత్రం మోనోరైలే అందం.

ఆ రోజు హనేదాలో పెట్టెలోకి అడుగుపెట్టి ఆగిపోయాను. అటూ ఇటూ నేల మామూలుగానే ఉంది, మధ్యలో సీట్లు మాత్రం గట్టు మీద పెట్టినట్టు ఎత్తుగా ఉన్నాయి. చక్రాలు అడుగు నుంచి లోపలికి పొడుచుకొచ్చాయని, వాటిని కప్పి ఆ గట్టు కట్టారని అమ్మాయి చెప్పింది.

కిటికీ పక్కన చోటున్నా ఆ గట్టెక్కే కూర్చున్నాను. కింద టైర్ల అదురు నడుము దాకా తెలుస్తోంది.

"ఏంది నాన్నా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?"

గాడిద సంగతి సగం చెప్పేసరికి హమమత్సుచో వచ్చేసింది.