అమ్మానాయనా ఊళ్ళో లేనప్పుడు

ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు కుర్రకారు చేసే ఆగడాల మీద హాలీవుడ్ వాళ్ళు చాలా సినిమాలు తీశారు. వాటిలో బాగా పేరుపడ్డది 1983 ఆగస్టులో వచ్చిన ‘రిస్కీ బిజినెస్’. పాల్ బ్రిక్‌మన్‌కు దర్శకుడిగా అదే మొదటి చిత్రం. టామ్ క్రూజ్‌ను పెద్ద తారను చేసిందీ అదే. విడుదలనాటికి అతనికి 21 ఏళ్ళు, నాకంటే ఒక్క ఏడు పెద్ద. ఒక ఆదివారం రాత్రి మా హాస్టలు గదిలో నలుగురం ఒకే లాప్‌టాప్ ముందు తలలు కలిపి చూశాం. ముగ్గురు చివరిదాకా నవ్వారు. నేను చివరి అయిదు నిమిషాల్లో నవ్వలేకపోయాను. ఎందుకో చెప్పమన్నారు గానీ ఆ రాత్రి చెప్పలేదు.

కథ షికాగో శివారులో, కలిగినవాళ్ళ పేటలో జరుగుతుంది. జోయెల్ బడిలో చివరి ఏడు చదువుతున్న బుద్ధిమంతుడు. తల్లిదండ్రులు సెలవులకు ఊరెళుతూ నూటొక్క జాగ్రత్తలు చెబుతారు. ముఖ్యంగా తండ్రి, తన స్టీరియో మీటలను కదపవద్దంటాడు, తన పోర్షె కారును బయటికి తీయవద్దంటాడు. వాళ్ళటు వెళ్ళగానే మనవాడు మీటలన్నీ పైకి తోసి, చొక్కా, లోచెడ్డీ, మేజోళ్ళతో హాల్లో గంతులేస్తాడు. ఆ గంతులు ఎంత ప్రసిద్ధమంటే, సినిమా చూడనివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట వాటి అనుకరణ చూసే ఉంటారు. మావాళ్ళలో ఒకడు వెంటనే లేచి లుంగీతో ప్రయత్నించి మంచానికి కొట్టుకున్నాడు.

తర్వాత కారు. గేరు తప్పి వాలులో దొర్లిపోతుంది. జోయెల్ ఒంటితో ఆపబోతాడు. కారు వెళ్ళి రేవు చెక్కల మీద ఆగుతుంది. హమ్మయ్య అనుకునేలోగా ఆ చెక్కలు విరిగి మిషిగన్ సరస్సులో మునుగుతుంది. మరమ్మతుకు డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం అతను ఒక్క రాత్రి ఆ ఇంట్లో నడిపిన వ్యాపారం ఎలాంటిదో, అధ్యాపకులు కూడా చదివే సంచిక గనుక, వివరించను. ఆ రాత్రి ఎనిమిది వేల డాలర్లకు పైగా వచ్చాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం తరఫున ఇంటర్వ్యూ చేయవచ్చిన పెద్దమనిషి కూడా ఆ సందడిలోనే వచ్చి పడ్డాడు, చివరకు సీటూ వచ్చింది! లాభం వస్తే చాలు, ఎలా వచ్చిందో ఎవరూ అడగరని దర్శకుడి ఎత్తిపొడుపు. మావాళ్ళు దాన్ని ఎత్తిపొడుపుగా కాక సలహాగా తీసుకున్నారేమోనని నాకనుమానం.

నన్ను ఆపింది ఇదేదీ కాదు. ఎత్తుకుపోయిన సామానంతా తిరిగి కొనుక్కుని, అమ్మానాన్నా వచ్చే నిమిషానికి ఎక్కడిదక్కడ సర్దేస్తాడు జోయెల్. తల్లికి ప్రాణమైన గాజుగుడ్డు కూడా దాని చోటుకొచ్చేసింది. ఆమె దాన్ని చూస్తుంది. చిన్న పగులు. అంతే, పట్టేసింది.

ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మానాయనా ఇద్దరూ ఒకేసారి ఇల్లు విడిచి వెళ్ళడం నాకు తెలిసి ఒక్కసారే జరిగింది. ఒకరు పోతే ఒకరు ఆవుల దగ్గర ఉండవలసిందే. ఇలాంటి సినిమాలు సేద్యగాళ్ళ ఇళ్ళల్లో ఎందుకు జరగవో దీన్నిబట్టే తెలుస్తుంది. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవిలో పెద్దమామ కూతురి పెండ్లి వచ్చింది. మూడు రాత్రులు. పాలు పితకను ఎదురింటి పిన్నమ్మ ఒప్పుకుంది. టమోటా తోటకు నీళ్ళు నా వంతు. నాయన బస్సెక్కుతూ ఒకటే చెప్పినాడు: “మోటరేస్తే కాడనే ఉండు. గుర్రుమంటే వెంటనే ఆపెయ్.”

రెండోరోజు పొద్దున కరెంటు రాగానే మోటరేసి, ఇంటికొచ్చి స్నేహితులతో నాటుకోడి కూర వండించే పనిలో పడ్డాను. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగిలిన రెండింటి మీద భారం పడి, ప్రవాహం పెరిగి, చుట్టలు వేడెక్కి కాలిపోతాయని ఇప్పుడు ఏ పరీక్షలోనైనా రాయగలను. అలాంటప్పుడు మోటరును ఆపవలసిన రిలే మా స్టార్టరులో ఎప్పుడో చెడిపోతే తీగముక్కతో నేరుగా కలిపేసి ఉంది. మావైపు చాలా స్టార్టర్లు అంతే. అందుకే నాయన కాడనే ఉండమన్నది. నేను కడుపునిండా తిని బావి దగ్గరికి పోయేసరికి కాలిన వాసన.

రీవైండింగుకు నాలుగువేల ఎనిమిదొందలు అడిగినారు. నేనూ జోయెల్ లాగే వ్యాపారం చేశాను. వెనకగదిలో పేర్చిన చెనిక్కాయల బస్తాల్లో రెండు, స్నేహితుడి బండిమీద వేసుకుపోయి అమ్మేశాను. మోటరు ఆ మరుసటి రోజు సాయంత్రానికి దాని దిమ్మె మీద కూర్చుంది. మిగిలిన బస్తాలను కొంచెం ఎడంగా పేర్చాను. ఎంత తెలివి!

నాయన వచ్చిన పొద్దునే మోటరేసినాడు. కాసేపు నిలబడి విన్నాడు. “ఏంరా, మోటరు కూత మారిండాదే” అన్నాడు. “అవునా నాయనా?” అన్నాను. ఆయన మడవ తిప్పను పోయినాడు.

అమ్మినవి విత్తనం కాయలని నాకు తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. తెలుసు. వానలు పడి విత్తే రోజున గింజలు ముక్కాలెకరానికి చాలలేదు. నాయన బస్తాలు లెక్కపెట్టలేదు, నావైపు చూడలేదు. “ఈ ముక్కలో జొన్న చల్లుదాంలే, ఆవులకు మేతన్నా అవుతాది” అన్నాడు. అమ్మ ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఊరకుంది. ఆ ఏడు చెనిక్కాయ బాగా కాసింది, ఆ ముక్కాలెకరం తప్ప.

జోయెల్ తల్లి పగులు చూసిన క్షణానే కొడుకును నిలదీసింది. ఆ కుర్రవాడి అదృష్టం ప్రిన్‌స్టన్ సీటు కాదు, అదేననిపించింది నాకు. స్క్రీను మీద ఆమె ముఖం ఉండగానే నాకు బావి దగ్గర తల ఒకపక్కకు వంచి వింటున్న నాయన కనిపించాడు. పక్కనున్నవాడు “ఏంరా, నిద్రొస్తోందా?” అన్నాడు. అవునన్నాను.

నాయనకు చదువు రాదు. కిందటేడు సంచికలో ఫోటో కింద నా పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమన్నాడు. ఈసారి ఇంత పొడుగు రాసినావే, ఏముందో చదవరా అంటాడు.