జపాన్ బొమ్మకి ప్రొద్దుటూరు ఫ్రేము

ప్రొద్దుటూరు అంటే మనోళ్లకి బంగారం. నేను మాత్రం మొన్న ఫ్రేము కోసం వెళ్లా. చేతిలో అట్ట గొట్టం, అందులో బెంగళూరులో కొన్న జపాన్ చెక్క అచ్చు బొమ్మ. దేవుడు లేడు, కొండ లేదు, మనిషీ లేడు. పెద్ద నల్లమచ్చ, పక్కన ఇటుక రంగు గీతలు. అంతే.

ఫ్రేము కట్టిందే కొనొచ్చు కదా అంటారేమో. అద్దం వెనక ఉంటే కాగితం తిప్పి చూడలేం. చేత్తో అద్దిన దానికి చాలాసార్లు రంగు కాగితంలోకి ఇంకి వెనకవైపు లీలగా కనిపిస్తుంది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది మామూలు ఆఫ్‌సెట్ ప్రింటు. కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే 50 కాపీల్లో 12వది అని లెక్క.

పాతకాలం జపాన్‌లో గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అద్దేవాడొకడు. 20వ శతాబ్దం మొదట్లో కొందరు అన్నీ మేమే చేసుకుంటాం అన్నారు. దాని పేరు సోసాకు హంగా. అందులో ఒన్‌చి కోషిరో 1915లోనే రూపం లేని బొమ్మ అచ్చేశాడు. అంత దూరం దేనికి, మన చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్ వెళ్లి, ఒకే లోహపు రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి అద్దే పద్ధతితో పేరు తెచ్చుకున్నారు. స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు ఆయన గురించి.

షాపు గోడ నిండా వెంకటేశ్వరస్వామి, పెళ్లి ఫోటోలు. పెద్దాయన బొమ్మని అటూ ఇటూ తిప్పి, "అబ్బీ, దీనికి పైభాగం యాది?" అన్నాడు. సంతకం ఉండేది కిందికి అన్నా. "అట్లయితే ఈ తెల్ల అంచు కోసేసి, అట్టకి గమ్ముతో అంటిస్తా. ముడత రాదు."

గుండె ఆగినంత పనైంది. అంచు కోస్తే నంబరూ సంతకమూ పోతాయి. గమ్ము పూస్తే ఇంక ఆ కాగితం ఊడి రాదు. వాతావరణాన్ని బట్టి కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే పైన రెండుచోట్ల పలచటి కాగితం పట్టీలతో వేలాడదీయాలి, అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టాలి. పట్టీలకి పిండి జిగురు చాలు, నీళ్లతో తడిపితే వచ్చేస్తుంది.

"పిండి జిగురంటే సినిమా పోస్టర్లకి ఉడకబెట్టేదే గదా!" అని నవ్వి, సాయంత్రం రమ్మన్నాడు.

ఈలోపు జమ్మలమడుగు మీదుగా గండికోట పోయొచ్చా. పెన్నా లోయ అంచున నిలబడి చూస్తే ఎర్రరాయి పొరలు పొరలు, వాటి కింద నల్లటి నీడ. నా బొమ్మలో ఉన్నవీ ఇవే కదా అనిపించింది.

పులివెందుల ఇంట్లో పడమటి గోడకి వద్దన్నా, మా కడప ఎండకి ఏ రంగైనా వెలిసిపోతుంది. ఎండ తగలని గోడ దేవుడి పటాల పక్కదొక్కటే. మా అమ్మ చాలాసేపు చూసింది.

"బాగానే ఉందిలే. ఇంటికొచ్చినోళ్లు దండం పెడితే ఏం చెప్పేది?"