పంపరపనస చుట్టరికం

ఇక్కడికి వచ్చాక మా నాన్నగారికి రక్తపోటు మాత్ర మార్చారు. సీసా మీద ఒక చీటీ: గ్రేప్‌ఫ్రూట్ తినరాదు. "ద్రాక్షపళ్ళు మానెయ్యాలా అమ్మాయ్?" అని అడిగారు. ద్రాక్ష కాదు నాన్నగారూ, నారింజ లాంటి పెద్ద పండు, పేరు మాత్రం అలా పెట్టారు అని నవ్వేసి ఊరుకున్నాను. డాక్టరుగా నా బాధ్యత అక్కడితో తీరిందనుకున్నాను.

ఆ శనివారం చైనా వాళ్ళ కొట్లో ఆయన ఒకచోట ఆగిపోయారు. కొబ్బరిబోండాలంత పళ్ళు, వలసంచుల్లో. "ఇవి మన పంపరపనసలే! మన పెరట్లో నూతి పక్కన ఉండేది, గుర్తుందా?" నాలుగు కొన్నాను. రోజూ మధ్యాహ్నం తొనలు ఒలిచి, ఉప్పూకారం అద్దుకుని, మనవడితో కబుర్లు చెబుతూ తినేవారు. అయిదోరోజు మంచం దిగుతూ తూలి గోడ పట్టుకున్నారు. చూస్తే రక్తపోటు 94/56.

వాళ్ళ డాక్టరుకు ఫోను చేసి మాత్ర ఆపించాను. ఏం తిన్నారని ఆయన అడిగాక గాని నా బుర్రకు తట్టలేదు.

గ్రేప్‌ఫ్రూట్ 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో బయటపడింది. 1830లో మాక్‌ఫేడియన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ప్రత్యేక జాతిగా పేరు పెట్టాడు. సంకరమేమోనన్న అనుమానాన్ని తీర్చింది జన్యువుల్లోని అక్షరాలు. హరితరేణువులకు సొంత డి.ఎన్.ఏ. ఉంటుంది, అది తల్లి చెట్టు నుంచి వస్తుంది. గ్రేప్‌ఫ్రూట్‌లో ఉన్నది పంపరపనసది. ఇక క్రోమోజోముల్లో ప్రతిచోటా రెండేసి ప్రతులుంటాయి కదా, అందులో ఒకటి ఎప్పుడూ పంపరపనసదే. రెండోది ఒకచోట పంపరపనసది, ఇంకోచోట కమలాది. ఆ కలగలుపు ప్రతి తీపి నారింజ నుంచి వచ్చింది, తీపి నారింజ కూడా పంపరపనసకూ కమలాకూ పుట్టిన సంకరమే. 2018లో 60 రకాల నిమ్మజాతి చెట్ల జన్యుక్రమాలు పోల్చి చూసినవారు ఈ కుటుంబం పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు దిగువన, అస్సాం, బర్మా, యునాన్ కలిసేచోట ఉందన్నారు.

అంటే గ్రేప్‌ఫ్రూట్‌కు తల్లి పంపరపనస, తండ్రి నారింజ. మందుతో పేచీ పెట్టే ఫ్యూరనోకౌమరిన్లు తల్లిలోనూ ఉన్నాయి. పేగు గోడలోని ఒక ఎంజైము మాత్రలో కొంత భాగాన్ని రక్తంలోకి పోనివ్వకుండా విరిచేస్తుంది. ఈ పదార్థాలు ఆ ఎంజైమును పనికిరాకుండా చేస్తే రక్తంలోకి ఎక్కువ మందు వెళుతుంది. కొత్త ఎంజైము తయారవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇది తెలిసిందీ అనుకోకుండానే. కెనడాలో బెయిలీ అనే ఆయన ఫెలోడిపిన్ మీద పరీక్ష చేస్తూ, సారాయి రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చాడు. మందు మోతాదు అనుకున్నదానికంటే బాగా పెరిగింది. ఆ సంగతి 1989లో అచ్చయింది. మా నాన్నగారి మాత్ర కూడా ఫెలోడిపినే.

అలాగని చుట్టాలందరినీ దోషుల్ని చెయ్యకూడదు. బత్తాయి చేరే తీపి నారింజ కూడా పంపరపనస బిడ్డే, దానితో ఈ పేచీ లేదు. మార్మలేడ్ చేసే పుల్ల నారింజతో ఉంది. వంశవృక్షం అనుమానం చెబుతుంది, తీర్పు చెప్పదు. పండుపండునూ విడిగా పరీక్షించాల్సిందే. కాని అనుమానం రావలసినచోటైనా నాకు రాలేదు. పండు కొన్నది నేను, చీటీ చదివింది నేను.

ఇదంతా కాగితం మీద గీసి చూపిస్తే నాన్నగారు శ్రద్ధగా విని, "అయితే పిల్ల పేరు రాసి తల్లి పేరు వదిలేశారన్నమాట" అన్నారు.

మూడోనాటికి రక్తపోటు సర్దుకుంది. డాక్టరు వేరే రకం మాత్ర రాశారు. నాలుగో పండు వంటింటి బల్ల మీద ఇంకా ఉంది. దీనితో పేచీ లేదు, తినొచ్చు అన్నాను. ఆయన కొత్త సీసా నా చేతికిచ్చి, కళ్ళజోడు కూడా అందించారు.