బోర్డు మీది లెక్క, జేబులోని ఫొటో

పాఠం ముగియగానే తరగతిలో ఫోన్లు పైకి లేస్తాయి. బోర్డు మీది లెక్క మొత్తం ఒక్క క్లిక్‌తో జేబులోకి చేరుతుంది. డస్టరు పడేలోగా గబగబా నోట్సులోకి ఎక్కించుకున్న పాత తరానికి ఈ సుఖం లేదు. వాళ్లూ అన్నీ అర్థం చేసుకునే రాశారనుకోనక్కర్లేదు. కనీసం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చేతికి తెలిసేది. ఫొటోను మళ్లీ తెరిచేవాళ్లెందరో!

ఫొటో తీస్తే జ్ఞాపకం ఏమవుతుందో చూడటానికి అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులను మ్యూజియంలో తిప్పారు. కొన్ని వస్తువులను చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో, మొత్తంగా ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయి. కెమెరా దాచిందిగా అని మనసు బరువు దించుకుంది కాబోలు.

చిత్రమేమిటంటే, ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఆ మరుపు లేదు. ఫ్రేములోకి రాని మిగతా భాగాలూ అంతే బాగా గుర్తున్నాయి.