గడ్డమూ, మాస్కూ

మా ఇంట్లో నా గురకలంటే పిల్లలకు తమాషా. "అబ్బా లారీ స్టార్ట్ చేసినారు" అని నవ్వుకునేవాళ్లు. ఒక రాత్రి బేగం నా భుజం పట్టి ఊపి లేపింది. "నీంద్ మే సాస్ రుక్‌జారీ జీ తుమారీ" అనింది. గొంతు వణుకుతా ఉంది. చాలా రోజులుగా రాత్రిళ్లు మేలుకొని నా ఊపిరి లెక్కపెడతా ఉందని అప్పుడు మాలూమ్ అయింది.

మదనపల్లె నుంచి పుంగనూరు స్కూలుకు రోజూ బైకు మీద పోతాను. ఒకరోజు దారిలోనే రెప్ప వాలింది. వెనక బస్సు హారన్ కొట్టకపోతే ఈ మాటలు రాసేవాణ్ణి కాదు. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి పోయినాను.

పరీక్షలో గంటకు 34 సార్లు ఊపిరికి అడ్డం పడుతోందని తేలింది. 5 లోపల ఉంటే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. సీపాప్ మిషన్ గాలిని కొంచెం ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి పెడుతుంది. ఇలాజ్ అంతే. ఇమ్తిహాన్ అంతా మాస్కుతోనే.

మిషన్ అమ్మినాయన ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కు ఇచ్చినాడు. నాకేమో గుప్పెడు గడ్డం. వెంట్రుకల సందుల్లోంచి గాలి బుస్సుమని పోతుంది, పైనుంచి కళ్లలోకి కొడుతుంది. పట్టీలు బిగించినాను. లీకు ఆగలేదు, ముక్కు దూలం మాత్రం పుండు పడింది. ఫోన్ చేస్తే, "గడ్డం తీసేయండి సార్, సరిపోతుంది" అన్నాడు.

మా అబ్బా ఇంతకాల్ అయిన ఏడాది పెంచుకున్న గడ్డం అది. మిషన్ బీరువాలో పెట్టి తాళం వేసినాను. ఇరవై రోజులు. బేగం గొడవ పడలేదు. ఒక్క మాట అనింది: "నాకు మీ గడ్డమూ కావాల, మీరూ కావాల." మళ్లీ రాత్రిళ్లు మేలుకోవడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే కుప్పంలో అపా మనవడి అఖీఖా. పలమనేరు మీదుగా బస్సులో పోతిమి. రాత్రి చూస్తే దూల్హాభాయ్ మంచం పక్కన అదే మిషన్! నాకంటే పొడుగు గడ్డం ఆయనకు. మాస్కు మాత్రం వేరే. ముక్కు రంధ్రాల కింద ఆనుకునే రెండు మెత్తటి సిలికాన్ గుబ్బలు, తలచుట్టూ ఒక సన్న పట్టీ. గడ్డాన్ని తాకనే తాకదు. నేజల్ పిల్లోస్ అంటారంట.

ఆయన దగ్గర వాడని కొత్త జత ఉంటే తీసి తగిలించినాడు. నేను కూర్చొని పెట్టుకోబోతే, "అట్లా కాదు మియా, పడుకో" అన్నాడు. పడుకుంటే ముఖం కండ జారి కొలత మారిపోతుందంట. మిషన్ ఆన్ చేసి, పట్టీ వదులు చేసి, గాలితో గుబ్బ ఉబ్బి ముక్కుకు ఆనుకున్నాకే కొంచెం కొంచెం బిగించినాడు. పక్కకు తిరగమన్నాడు. చిన్న సైజులో లీకు, మధ్య సైజులో నిశ్శబ్దం.

"మీసం కత్తిరించుకో, గడ్డం వదిలేయ్. సున్నత్ అదే, ఈ మాస్కుకు కావాల్సిందీ అదే" అని నవ్వినాడు.

మరుసటి రోజు డాక్టర్‌ను అడిగినాను. ముక్కు దిబ్బడ లేదు కాబట్టి వాడొచ్చు అన్నారు. మొదట్లో నోరు తెరుచుకొని గొంతు ఎండేది. గదవ కింద పట్టీ, మిషన్‌లో నీళ్ల డబ్బా పెట్టినాక తగ్గింది. పడుకునే ముందు వుజూ చేసి ముఖం తుడుచుకుంటాను. నూనె, క్రీము రాయను. జిడ్డు ఉంటే సిలికాన్ జారుతుంది. పొద్దున్నే ఆ గుబ్బలు సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెడతాను.

తర్వాత చదివితే తెలిసింది. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టర్ ఈ ఇలాజ్ గురించి మొదట ప్రకటించినాడు. ఆ రోజుల్లో ఒక్కొక్కరి ముక్కు అచ్చు తీసి మాస్కు చేసి, ప్రతి రాత్రీ జిగురుతో అతికించేవాళ్లంట. అంటే ఈ తక్లీఫ్ మిషన్‌తోపాటే పుట్టింది. మన ముఖం తప్పు కాదు, మన గడ్డం తప్పు కాదు.

మీ ఇంట్లో కూడా ఒక మిషన్ బీరువాలో ఉంటే, దయచేసి బయటికి తీయండి. మాస్కు కుదరకపోతే మాస్కు మార్చండి, ఇలాజ్ మానొద్దు. కొనే ముందు పడుకొని, గాలి పెట్టించుకొని చూడండి. డాక్టర్‌కు మీ గడ్డం సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

ఈరోజు ఫజర్ అజాన్‌కు నాకే మెలకువ వచ్చింది. బేగం గాఢంగా నిద్రపోతా ఉంది. ఎన్నేళ్ల నిద్ర బాకీయో. ఇంకో ఐదు నిమిషాలు ఆగి లేపినాను.