ఎవరు ఎవరికి అడ్జస్టవ్వాలి?

ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న క్రియల్లో 'అడ్జస్ట్' అంత పనిమంతురాలు మరొకటి లేదేమో! సిటీ బస్సులో ఇద్దరు కూర్చునే సీటు దగ్గరికొచ్చి మూడో ఆవిడ "కొంచెం అడ్జస్టవ్వండమ్మా" అంటుంది. నెలాఖరున పక్కింటావిడ "ఓ ఐదొందలు అడ్జస్ట్ చెయ్యి వదినా, ఒకటో తారీఖున ఇచ్చేస్తా" అంటుంది. చిల్లర లేని కిరాణా కొట్టతను రెండు చాక్లెట్లు చేతిలో పెట్టి అడ్జస్ట్ చేసుకోమంటాడు. టైలరు జాకెట్టు భుజం దగ్గర అడ్జస్ట్ చేస్తాడు. పెళ్ళైన నెలకే ఏడుస్తూ పుట్టింటికొచ్చిన పిల్లకి తల్లి "ఆడదానివి, నువ్వే అడ్జస్టవ్వాలి" అని నచ్చజెప్పి తిరుగు బస్సెక్కిస్తుంది.

ఇంగ్లీషు క్రియ తెలుగులోకి ఒంటరిగా రాదు. చెయ్యి, అవ్వు, చేసుకో - వీటిలో ఏదో ఒకటి తోడుండాలి. ఆ తోడు మారితే అధికారం చేతులు మారుతుంది. అడ్జస్ట్ చేసేవాడి చేతిలో ఒక వస్తువుంటుంది. అడ్జస్టయ్యే మనిషి తానే ఆ వస్తువు. మన 'సర్దు' కథా ఇంతే కదా! బీరువా సర్దుతాం, డబ్బు సర్దుబాటు చేస్తాం, సంసారంలో మాత్రం సర్దుకుపోతాం. కాకపోతే 'సర్దుకుపో' అన్నప్పుడు అందులో ఉన్న బరువు వినేవాళ్ళకి తెలుస్తుంది. 'అడ్జస్టవ్వు' అన్నప్పుడు అదేదో చిన్న పనిలా, నాగరికంగా, ఎవరికీ నొప్పి కలగనట్టు వినిపిస్తుంది.

ఈ తేడా నాకు నేర్పింది కృష్ణానగర్. 1970లలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టిన తర్వాత సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి కొంచెం కొంచెంగా ఇటు కదిలింది. కొండ మీద జూబ్లీహిల్స్ బంగళాలు, ఫిల్మ్‌నగర్, ఫిల్మ్ ఛాంబర్. కొండ దిగువన కృష్ణానగర్ ఇరుకు గదుల్లో జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, మేకప్ వాళ్ళు, లైట్‌మెన్. అక్కడ అద్దెకున్న రోజుల్లో సాయంత్రాలు కొంతమంది ఆడవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒకరోజు బోర్డు మీద 'అడ్జస్ట్' అని రాసి, దాంతో వాక్యాలు చెప్పమన్నాను. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వారు. వాళ్ళలో పెద్దావిడ, "ఇది ఇంగ్లీషు మాటా మేడమ్? మా ఏజెంటు మాటనుకున్నా" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత వాళ్ళే ఒక్కొక్క వాక్యం చెప్పుకుంటూ వచ్చారు. కెమెరామన్ లైటు అడ్జస్ట్ చేయిస్తాడు. మేనేజరు హీరో డేట్లు అడ్జస్ట్ చేస్తాడు, కుదరకపోతే సెట్టంతా ఆగుతుంది. హీరోని మాత్రం అడ్జస్టవ్వమని ఎవరూ అనరు. అవుట్‌డోర్‌లో బాత్రూం లేకపోతే జూనియర్ ఆర్టిస్టు అడ్జస్టవ్వాలి. బట్టలు మార్చుకోడానికి గది లేకపోతే ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే అడ్జస్టవ్వాలి. రోజు కూలి వచ్చే వారానికి వాయిదా పడితే అడ్జస్టవ్వాలి. వీటన్నిటి చివరా, ఎవరికో దేనికో చెప్పని ఒక ప్రశ్న: "అడ్జస్టవుతావా?"

పడక మీదకి రమ్మని అడిగినట్టు ఆ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఒప్పుకోకపోతే పని పోతుందన్న బెదిరింపూ మాటల్లో కనపడదు. రేపు నిలదీస్తే "టైమింగ్స్ గురించి అడిగాను" అనొచ్చు. అడిగినవాడికి ఆ మాట అంత భద్రత ఇస్తుంది. విన్నామెకి మాత్రం అర్థం కాకుండా పోదు.

2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్‌నగర్‌లోని ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా నిరసన తెలిపినప్పుడు టీవీ చర్చలు ఆమె ఒంటి చుట్టూనే తిరిగాయి. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఆమెకి సభ్యత్వం ఇవ్వమనీ, తమ సభ్యులెవరూ ఆమెతో నటించరనీ ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. అసోసియేషన్ ఆ నెలలోనే తన ఆంక్ష ఎత్తేసింది. అంతవరకూ ఎవరూ పట్టించుకోని జూనియర్ ఆర్టిస్టులు కూడా మైకు ముందుకొచ్చి మాట్లాడారు. పరిశ్రమలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. ఉపసంఘం నివేదిక 2022లో అందింది. 2024 ఆగస్టులో, అంటే రెండేళ్ళ తర్వాత, దాన్ని బయటపెట్టమని నటి సమంత ప్రభుత్వాన్ని కోరాల్సి వచ్చింది! కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక అప్పుడే బయటికొచ్చింది. మలయాళ సినిమాలో ఆడవాళ్ళకి బాగా పరిచయమైన మాటలుగా ఆ నివేదిక పేర్కొన్నవి రెండు: కాంప్రమైజ్, అడ్జస్ట్‌మెంట్. భాష వేరు, ఊరు వేరు. మాట మాత్రం అదే.

చట్టానికి ఈ మాటలు అర్థం కావనుకోనక్కర్లేదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం, నోటితో పైకి అడిగినదాన్నే కాదు, సూచనగా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలంటుంది. అయితే ఏజెంటు ద్వారా రోజుకో సెట్టుకి వెళ్ళే మనిషికి ఏ కమిటీ తనదో ఎవరు చెప్పాలి? ఫిర్యాదు రాయాలంటే కర్త కావాలి, కర్మ కావాలి. ఎవరు, ఎవర్ని, ఏమడిగారు? ఆమెకి వినిపించిన వాక్యంలో ఇవేవీ లేవు. వాటిని పూరించి రాయడమే ఆమె మొదటి పోరాటం.

'అడ్జస్ట్' అసలు అర్థం దగ్గరగా చేర్చడమనీ, తర్వాత దాని మీద 'జస్టిస్'కి మూలమైన లాటిన్ మాట నీడ పడిందనీ భాషావేత్తలు చెబుతారు. ఆ న్యాయం మన వాడుకలోకి రాలేదు.

మనం రాసేవాళ్ళం, పాఠం చెప్పేవాళ్ళం. కథలో "ఆమె అడ్జస్టయింది" అని రాసి ముందుకెళ్ళిపోవడం తేలిక. అక్కడ ఆగి, ఎవరికి, దేనికి, ఎవరు అడిగితే అని మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఆ వాక్యం ఇక అంత చిన్నదిగా ఉండదు. అందులోకి ఒక మగవాడు పేరుతో సహా రావాలి, ఒక జీతం రావాలి, మూసిన గది రావాలి. ఇంట్లో కూతురికి "అడ్జస్టవ్వు" అని చెప్పబోయే ముందు కూడా ఈ ప్రశ్నలే వేసుకుందాం. ఇంట్లో నేర్చుకున్న క్రియతోనే ఆ పిల్ల బయట పనికి వెళుతుంది మరి.