లాడ్ బజారులో వన్నెలు

హైదరాబాదున, 1591లో కట్టబడిన చార్మినారునకు పడమటగా లాడ్ బజారు కలదు. లక్కగాజులకు పేరొందిన వీథి. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేడికి మెత్తబడిన లక్కలో పనివారు అద్దపురాళ్లు పొదుగుచుండ చూచుట కన్నులపండువు.

ముఖాలంకరణ సామగ్రియు అచ్చట దొరకును. పెండ్లిచూపులకు సిద్ధమగుచున్న మా ఆడబిడ్డ కూతురు చామనచాయ పిల్ల. అంగడివాడు మొదట చూపినది తెల్లని పౌడరు! తెల్లదనమే అందమని యెవరు శాసించిరో! అందలి తెల్లని ఖనిజపుపొడి వెలుతురును వెనుకకు కొట్టుటచే ముదురుచాయపై బూడిద పూసినట్లగపడును. పసుపుజీర గల పౌడరును దవడపై రాచి, దీపముల క్రింద గాక వీథి యెండలో చూచితిమి, చర్మములో కలిసిపోయినది. లిప్‌స్టిక్కులలో లేతగులాబి వెలవెలబోయినది; ఇటుకరంగు వేసవికి నిండుగా నున్నది. చలికాలమునకు నేరేడుపండు వన్నె నేనే యేరితిని. వానకాలమునకు పలుచని రాగివన్నె చాలును. కాటుకయే నిలువని దినములు గదా!

"అత్తయ్యా, నేను తెల్లగా కనబడవలదా?" అని పిల్ల మెల్లగా నడిగినది.

"వచ్చువారు చూడవలసినది నిన్నా, పౌడరునా?" అంటిని.

పిల్ల నవ్వి ఇటుకరంగునే తీసికొన్నది. దానికి సరిపడు గాజులు వెదకుటకు మరి రెండు గడియలు పట్టినది.